వానకాలమున మోటారు సైకిలు సవారి

మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి పడినది మొదలు మన మొగుడంపల్లి ప్రాంతపు రైతునకు ఇంటిపట్టున నిలుచుటకు వ్యవధి యుండదు. విత్తనమునకు జహీరాబాదు పోవలెను. ఎరువునకు సంఘపు గోదామునకు రావలెను. చేనికి పోయి పదును చూచుకొనవలెను. పూర్వము ఈ పనులకెల్ల బండియు, ఎద్దులును ఉండెడివి. నేడు ఇంటింట మోటారు సైకిలో, మోపెడో కలదు. ఎద్దు బురదలో కాలు మోపుటకు ముందు నేల గట్టిదో కాదో తానే చూచుకొనును. యజమాని కునుకు తీయుచున్నను బండిని ఇల్లు చేర్చును. యంత్రమునకా తెలివి లేదు. అది నడుపువానికే యుండవలెను. కావున వానలో ఈ వాహనమును నడుపు రీతిని గూర్చి యీ నెల పాఠముగా వ్రాయుచున్నాము.

2022వ సంవత్సరమున దేశమందలి రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణింపగా, వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనములపై పోవుచుండినవారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ ప్రకటించిన లెక్క. అనగా నూటికి నలువది నలుగురికి పైగా. వీరందఱును వానలో పడినవారు కారు. అయినను వాహనములన్నిటిలో దేనిపై ప్రాణము తేలికగా పోవునో దీనివలన తెలియుచున్నది. ప్రాణము పోకున్నను కష్టము తక్కువ కాదు. కాలు విఱిగి మూడు మాసములు మంచము పట్టిన రైతునకు ఆ మూడు మాసములే వానకాలపు సేద్యము. కలుపు తీయువారు లేక చేను పాడగును. సంఘపు బాకీ మాత్రము వడ్డీతో పెరుగుచునే యుండును.

మన నేల, మన బాటలు

మన ప్రాంతమున రెండు విధములైన నేలలు కలవు. బీదరు వైపు సాగిన ఎఱ్ఱమట్టి పీఠభూమి యొకటి; పల్లములందలి నల్లరేగడి రెండవది. వానకు ఈ రెండును రెండు రకములుగా మోసపుచ్చును. ఎఱ్ఱనేల బాటపై మొరముండును. నీరు మట్టిని కడిగివేయగా చిన్న గులకఱాళ్లు పైకి తేలి చక్రము క్రింద పొర్లును. ఇచ్చట నిదానముగా పోయిన వాహనము నిలుచును. మలుపులో వంచినచో జాఱును.

రేగడి సంగతి వేఱు. అది నీరు త్రాగి ఉబ్బును, ఉబ్బి జిగురగును. పై అంగుళము మాత్రమే తడిసి క్రింద గట్టిగా నున్న వేళ రేగడి బాట సబ్బు పూసిన బండవలె నుండును. లోపలి వఱకు నానినచో మట్టి టైరునకు చుట్టుకొని, మట్టిరేకునకును టైరునకును నడుమ దట్టించుకొని, తుదకు చక్రమే తిరుగక నిలిచిపోవును. ముందు చక్రము ఇట్లు బిగిసినపుడు వేగము కొంచెమైనను మనిషి ముందునకు పడును. నానిన రేగడిలో మోటారు సైకిలు నడుపు ఉపాయము మాకు తెలిసినంతలో ఒక్కటే: నడుపకుండుట. తారు బాట ప్రక్కన ఎవరి కొట్టము కడనైన నిలిపి, చెప్పులు చేతబట్టుకొని చేనికి నడచిపోవుట మేలు. తప్పనిసరిగా పోవలసి వచ్చినచో ఎడ్లబండి గాడిని పట్టవలదు. గాడి ప్రక్కను గడ్డి మొలచిన చోటు పట్టవలెను. గడ్డి వేళ్లు మట్టిని కొంత బిగించి యుంచును. రెండవ గేరులో, ఇంజనుపైననే వేగము నిలిపి, పాదములు నేలకు దగ్గఱగా నుంచుకొని పోవలెను. ముందు బ్రేకు జోలికి పోరాదు.

తొలకరి జల్లు

పెద్ద వాన కంటె సన్నని తొలి జల్లే ప్రమాదకరమన్న మాట చాలమందికి విడ్డూరముగా తోచును. కారణమిది. వేసవియంతయు బాటపై దుమ్ము, లారీల నుండి కాఱిన డీజెలు, ఇంజను నూనె, టైర్ల అరుగుదల పొడి పేరుకొని యుండును. నాలుగు చినుకులు పడగనే ఇవియన్నియు కలిసి పలుచని జారుడు పసరు అగును. గట్టి వాన గంటసేపు కురిసినచో అది కొట్టుకొని పోయి బాట శుభ్రమగును. కావున ఎండ కాసిన దినములు కొన్ని గడచిన పిమ్మట పడిన తొలి జల్లులో, వీలైనచో ఒక చోట నిలిచి ఒక టీ త్రాగి బయలుదేరుట బుద్ధిమంతుల లక్షణము. అయితే ఉఱుములు, మెఱుపులు ఉన్నపుడు ఒంటి చెట్టు క్రింద నిలువరాదు.

తడి బాటపై కొన్ని స్థలములు తక్కిన వానికంటె హెచ్చుగా జాఱును. పెట్రోలు బంకుల ఎదుటను, లారీలు నిలుచు దాబాల ఎదుటను నీటిపై ఇంద్రధనుస్సు రంగులు కనబడినచో అది నూనె యని గ్రహించి వేగము తగ్గించవలెను. బాటపై వేసిన తెల్లని, పసుపుపచ్చని గీతల రంగు తడిసిన గాజువలె నుండును; మలుపులో వానిపై చక్రము పడకుండ చూచుకొనవలెను. జహీరాబాదు మీదుగా వికారాబాదు నుండి బీదరు, పర్లి దిక్కునకు రైలు మార్గమున్నది. ఎక్కడనైనను తడిసిన పట్టాలను ఏటవాలుగా దాటరాదు. అడ్డముగా, నేరుగా దాటవలెను. పేడ, చెఱకు ఆకు, ట్రాక్టరు చక్రముల నుండి రాలిన మట్టిగడ్డలు, ఇవియు ఆ కోవలోనివే. ఆశ్వయుజ మాసమున బాటపై ఆరబోసిన మక్కలు, సోయా గింజలు వానకు తడిసి చెదరినపుడు చక్రము క్రింద గోలీలవలె దొర్లును. ఆరబోయువారికి చోటు లేక ఆరబోయుదురు; దాని చుట్టును పెద్ద ఱాళ్లు పెట్టి, చీకటి పడిన పిమ్మట వానిని అట్లే వదలిపోవుట మాత్రము ఒకరి గింజల కొఱకు మఱియొకరి తల పణముగా పెట్టుటయే.

ఎంత దూరమున నిలుచును?

పరుగెత్తు బండి తలచిన చోట నిలువదు. ఎదుట గేదె అడ్డము వచ్చినదని కన్ను చూచి, చేయి బ్రేకు పట్టుటకు రమారమి ఒక సెకను పట్టును. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవుచున్న బండి ఆ సెకనులో 11 మీటర్లు పోవును. తరువాత బ్రేకు పని. ఎండిన తారుపై టైరు పట్టు పదింట ఏడు పాళ్లనియు, తడిసినపుడు నాలుగు పాళ్లనియు కొని లెక్క వేసినచో, ఎండిన బాటపై బ్రేకు పట్టిన పిమ్మట 9 మీటర్లలో నిలుచు బండి తడి బాటపై 16 మీటర్లు పోవును. మొత్తము 20 మీటర్లకు మాఱుగా 27 మీటర్లు. ఇక 60 కిలోమీటర్ల వేగమునకు ఇదే లెక్క చూడుడు: ఎండలో 37 మీటర్లు, వానలో 52 మీటర్లు. వేగము ఒకటిన్నర రెట్లు పెరిగినపుడు బ్రేకు దూరము రెండుంబాతిక రెట్లగును; వేగము రెండింతలైనచో నాలుగింతలు. టైరు అరిగినదైనచో ఈ లెక్క ఇంకను చెడును.

ముందు పోవు వాహనమునకు ఎంత ఎడము ఉంచవలెనని మీటర్లలో కొలుచుట సవారిలో సాధ్యము కాదు. దానికొక తేలిక పద్ధతి కలదు. ముందటి వాహనము ఒక వేపచెట్టునో, మైలురాతినో దాటగనే మనసులో ఒకటి, రెండు అని సెకనున కొకటిగా లెక్కించవలెను. ఎండలో కనీసము రెండు, వానలో నాలుగు లెక్కించిన పిదప మనము ఆ చెట్టును చేరవలెను. అంతకు ముందే చేరినచో ఎడము చాలదని అర్థము. లారీ వెనుక పోవునప్పుడు ఈ నియమము మఱింత అవసరము. ఏలయన దాని చక్రములు చిమ్ము బురదనీరు కండ్లను కప్పుటయే గాక, దాని ముందున్న గుంత మనకు కనబడదు. హైదరాబాదు, పూనా నగరముల నడుమ పోవు 65వ సంఖ్య జాతీయ రహదారిపై పెద్ద లారీలు రేయింబవళ్లు నడుచును. ఊరి బాట నుండి దానిపై కెక్కువారు ఈ సంగతి మఱవరాదు.

బ్రేకు పట్టు తీరు

మన రైతులలో అధికసంఖ్యాకులు కాలి బ్రేకునే నమ్ముదురు. చేతి బ్రేకు పట్టినచో బండి పల్టీ కొట్టునని భయము. ఈ భయమున కొంత సత్యమున్నది; కాని దానివలన కలుగు నష్టమే హెచ్చు. బండి వేగము తగ్గునపుడు బరువంతయు ముందు చక్రముపైకి వాలును. బరువున్న చక్రమే నేలను గట్టిగా పట్టును. వెనుక చక్రము తేలిక పడి యుండును గనుక, కాలి బ్రేకు నొక్కటే బలముగా త్రొక్కినచో అది తిరుగుట మాని జాఱును. తోక ప్రక్కకు తిరుగును. తడి తారుపై జరుగు పతనములలో ఇది సాధారణమైనది.

సరియైన పద్ధతి యెట్టిదనగా: బండి నిటారుగా, నేరుగా నున్నపుడు, రెండు బ్రేకులను కలిపి, ఆవు పొదుగు పిండునట్లు మొదట మెల్లగాను తరువాత గట్టిగాను పట్టవలెను. ఒక్కసారి గుంజరాదు. మలుపునకు ముందే వేగము తగ్గించుకొనవలెను గాని మలుపులో బ్రేకు పట్టరాదు. చక్రము బిగిసినట్లు తోచినచో వెంటనే వదలి మరల పట్టవలెను. గేరు తగ్గించునపుడును క్లచ్చిని ఒక్కసారి వదలినచో వెనుక చక్రము బిగిసి జాఱును.

2019 ఏప్రిలు 1 నుండి 125 సీసీలకు మించిన క్రొత్త బండ్లకు చక్రము బిగిసిపోకుండ కాపాడు ఏబీఎస్ అను సాధనమును, అంతకు లోబడిన వానికి కనీసము ఒక బ్రేకు నొక్కగనే రెండు చక్రములు పట్టు సీబీఎస్ అను ఏర్పాటును ఉండవలెనని నియమము చేసిరి. ఇవి మంచివే. కాని మొరముపైన, బురదపైన ఏబీఎస్ బండి దూరమును తగ్గింపజాలదు. పడిపోకుండ మాత్రము కొంత కాపాడును. పాత బండ్లు కొన్నవారికి ఈ సాధనములు ఉండకపోవచ్చును. వారికి చేతి నేర్పే ఏబీఎస్. ఆ నేర్పు ప్రమాద సమయమున రాదు. జనము లేని చోట, తడిసిన గట్టి నేలపై, 20 కిలోమీటర్ల వేగమున పదిసార్లు సాధన చేసినచో అలవడును.

వాగు దాటిన పిమ్మట డ్రమ్ము బ్రేకులలో నీరు చేరి పట్టు తప్పును. కొంత దూరము బ్రేకును లేతగా ఆనించి పోనిచ్చినచో వేడికి తేమ ఆఱి మరల పట్టు వచ్చును. ఈ పని చేయక వేగము పెంచువారు మొదటి మలుపులోనే పశ్చాత్తాపపడుదురు.

టైర్లను గూర్చి ఒక్క మాట. టైరుపై గాళ్లు అలంకారమునకు కావు. చక్రము క్రింది నీటిని ప్రక్కలకు తోయు కాలువలు. ద్విచక్ర వాహనమునకు ఈ గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గరాదని మోటారు వాహన నియమావళి. ఇది చట్టము ఒప్పు కనీసము మాత్రమే. వానకాలమునకు అంత అరిగిన టైరు పనికిరాదు. పట్టు పెరుగునని గాలి తీయు అలవాటు కొందఱికి కలదు. తారు బాటపై అది తప్పు. తయారుచేసినవారు బండిపై అంటించిన చీటీలో ఎంత వ్రాసిరో అంతే ఉంచవలెను. వెనుక మనిషి యున్నపుడు వెనుక టైరునకు హెచ్చు గాలి కావలెనని అందులోనే యుండును.

బస్తాలు, పాల క్యానులు

ఎరువు బస్తా వెనుక కట్టి, దానిపై కుమారుని కూర్చుండబెట్టి పోవుట మన గోదాము ముందు నిత్యము కనబడు దృశ్యము. యూరియా బస్తా 2018 నుండి 50 కిలోలకు బదులు 45 కిలోలైనది. రెండు బస్తాలనగా 90 కిలోలు. సామాన్యముగా మన వాడుక బండి బరువు 110 కిలోలకు కొంచెము పైన. అనగా దాదాపు బండి యంత బరువును దాని తోకపై పెట్టుచున్నాము. ఇట్లు చేసినపుడు ముందు చక్రము తేలిపోవును. హ్యాండిలు త్రిప్పిన దిక్కునకు బండి తిరుగదు. ముందు బ్రేకునకు పట్టు చిక్కదు. ఎండలో ఎట్లో గట్టెక్కిన ఈ సాహసము తడి బాటపై నెగ్గదు. ఒక్క బస్తాను నడుపువాని నడుమునకు ఆనించి, సీటుపైననే బిగించి కట్టుట మేలు. ముందు భాగమున చదునైన చోటున్న మోపెడుపై బస్తాను అచ్చట క్రిందుగా పెట్టవచ్చును. అయితే పాదములకు, బ్రేకునకు అది అడ్డు రాకూడదు. బస్తాలు నాలుగు కంటె హెచ్చైనపుడు ఇరుగుపొరుగువారు కలిసి ఒక ఆటో ట్రాలీని మాట్లాడుకొనినచో తలకు పడు ఖర్చు స్వల్పము. సహకార మన్నది బాకీ తీసికొనుటకే గాక ఇట్టి పనులకును పనికివచ్చును.

పాల క్యానులు రెండు ప్రక్కలను సమాన బరువుండవలెను. నిండిన క్యాను కంటె సగము క్యాను అపాయకరము. లోపలి పాలు ఊగినపుడు బండియు ఊగును.

వాగు పొర్లినపుడు

జాడి మల్కాపూరు వంటి చోట్ల జలపాతమును చూచుటకు వానలో జనము బారులు తీరుదురు. నీరు చూచుటకు అందముగానే యుండును. బాటపై పొర్లు నీరు వేఱు. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానలకు రాష్ట్రమున అనేక చోట్ల వాగులు బాటలపై పొర్లినవి. అట్టి వేళ బండితో దిగువారికి రెండు సంగతులు తెలియవు. నీటి తోపు దాని వేగముతో సమముగా పెరుగదు. వేగము రెండింతలైనచో తోపు నాలుగింతలగును. అర అడుగు లోతున వడిగా పాఱు నీరు నిలిచిన మనిషిని పడద్రోయగలదు. మోటారు సైకిలు చక్రములు ఆ తోపునకు పలకలవలె అడ్డు నిలుచును. ఇక రెండవది, బురదనీటి క్రింద బాట యున్నదో, కోసుకొని పోయినదో కంటికి కనబడదు. నిన్న దాటితిమి గదా యనుట నేటికి ప్రమాణము కాదు.

నీరు పాఱుచు అంచులు కనబడనిచో దిగరాదు. నీరు నిలిచి, చక్రపు ఇరుసునకు లోబడి, ముందు వాహనము దాటుట కన్నులార చూచినచో మాత్రము మొదటి గేరులో, పొగగొట్టములోనికి నీరు చొరకుండ ఇంజను వేగమును ఒకే తీరున నిలిపి దాటవచ్చును. నడుమ ఇంజను ఆగినచో దానిని వెంటనే మరల నడుపుటకు ప్రయత్నింపక త్రోసుకొని గట్టునకు చేర్చవలెను; లోపలికి నీరు పోయి యుండినచో ఇంజను పాడగును. తెగిన విద్యుత్తు తీగ నీటిలో పడి యున్న చోట ఎట్టి పరిస్థితియందును దిగరాదు.

తలకు, కంటికి

అరేబియాలో సైనికాధికారిగా ప్రసిద్ధికెక్కిన టి. ఇ. లారెన్సు 1935 మే నెలలో ఇంగ్లండున మోటారు సైకిలుపై నుండి పడి, తల దెబ్బకు ఆఱు దినములలో మరణించెను. అతనికి చికిత్స చేసినవారిలో హ్యూ కెయిర్న్స్ అను మెదడు వైద్యుడుండెను. ఆయన అటుపై సైన్యపు మోటారు సైకిలు వార్తాహరుల తల దెబ్బలను పరిశీలించి 1941లో వ్యాసము ప్రకటించెను. ఆ సంవత్సరము నవంబరులోనే బ్రిటిషు సైన్యమున మోటారు సైకిలు నడుపువారందఱును హెల్మెట్టు ధరింపవలెనని ఉత్తరువు వెలువడెను. నేటి మన చట్టమునకు ఆ పని మూలములలో నొకటి. మన దేశమున మోటారు వాహనముల చట్టము 129వ విభాగము ప్రకారము నడుపువాడును, వెనుక కూర్చున్నవారును, నాలుగేండ్లు దాటిన పిల్లలును ధరింపవలెను. 2021 జూను 1 నుండి ఐఎస్‌ఐ గుర్తు లేని హెల్మెట్టు అమ్మరాదు. వానలో యూరియా సంచిని గొంగడి కొప్పెవలె తలపై వేసికొని పోవువారు అనేకులు. సంచి తలను తడవనీయదు గాని పగులకుండ కాపాడదు. అంతేగాక ప్రక్కల నుండి వచ్చు వాహనమును కంటికి మఱుగు చేయును. వెనుక కూర్చున్నవారు గొడుగు విప్పినచో గాలికి అది తెరచాపయై బండిని ప్రక్కకు లాగును. చీర కొంగు, పొడవైన వాన కోటు అంచు చక్రమునకు చుట్టుకొనకుండ లోపలికి దోపుకొనవలెను. వెనుక చక్రపు జాలీని అందము కాదని విప్పించుట ప్రమాదము.

హెల్మెట్టు అద్దమునకు ఆవిరి పట్టుట వలన పలువురు దానిని పైకెత్తి, కండ్లలో చినుకులు కొట్టగా రెప్పలు మూసి నడుపుదురు. అద్దము లోపలి ప్రక్క సబ్బునీరు సన్నగా రాచి పొడిగుడ్డతో తుడిచినచో ఆవిరి తక్కువగా పట్టును. గీతలు పడిన అద్దము రాత్రి ఎదురు దీపముల వెలుతురునకు మిఱుమిట్లు గొల్పును, దానిని మార్చవలెను.

రాత్రి వానలో మన బాటలపై అతి ప్రమాదకరమైనది వెనుక దీపము లేని ట్రాక్టరు ట్రాలీ. చెఱకు కాలమున అది కన్నులకు నల్లని గోడ. ఎదురు లారీ వెలుతురు కొట్టిన క్షణమున ముందున్న ట్రాలీ అసలే కనబడదు. మన సంఘ సభ్యులలోనే ట్రాక్టరు యజమానులు కలరు. ట్రాలీ వెనుక వెలుతురును తిరుగగొట్టు ఎఱ్ఱ పట్టీ అంటించుటకు అగు వ్యయము ఒక పూట డీజెలుకంటె తక్కువ.

పడిన పిమ్మట

ఎవరైన పడియున్నచో 108కి ఫోను చేయవలెను. మెడ విఱిగి యుండవచ్చును గనుక త్వరపడి హెల్మెట్టు లాగరాదు, మనిషిని కూర్చుండబెట్టరాదు, నోట నీళ్లు పోయరాదు. సాక్ష్యమునకు త్రిప్పుదురేమో యను భయముతో తొలగిపోవలసిన పని లేదు. 2019లో చట్టమునకు చేర్చిన 134ఎ విభాగము సద్బుద్ధితో సాయపడినవారికి రక్షణ కల్పించినది.

తుదగా బీమా పత్రము. 2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్త ద్విచక్ర వాహనమునకు ఇతరులకు కలుగు నష్టమునకై అయిదేండ్ల బీమా ఒక్కసారిగా తీసికొనవలెనని నియమమైనది. అందుచే పలువురు తమ బీమా అయిదేండ్లు నడుచునని ధైర్యముతో నుందురు. నడుచునది ఇతరుల కొఱకైన బీమా. యజమానియే నడుపుచు మరణించినచో కుటుంబమునకు 15 లక్షల రూపాయలు వచ్చు వ్యక్తిగత ప్రమాద బీమా వేఱు; అది తఱచు ఒక్క ఏటితోనే ముగియును. దానికి యజమాని పేర చెల్లుబాటులో నున్న డ్రైవింగు లైసెన్సు ఉండవలెను. తండ్రి పేర బండి, కొడుకు చేత సవారి, ఎవరికిని లైసెన్సు లేకుండుట మన ఊళ్లలో సామాన్యము. పెట్టెలోని పత్రమును తీసి, చదువు వచ్చిన వారిచేత ఆ రెండు తేదీలను వేఱువేఱుగా చదివించుకొనవలెను. వ్యక్తిగత ప్రమాద బీమా గడువు దాటి యున్నచో దానిని ప్రత్యేకముగా తీసికొనవచ్చును. అయిదేండ్ల పత్రము ముగియు వఱకు ఆగనక్కఱ లేదు.